పెద్ద పోటీకి వెళ్లే జిల్లా ఫోటోగ్రాఫర్‌కు: పాసు నుంచి బిల్లు దాకా

బరంపురంలో రైలెక్కితే సుమారు 170 కిలోమీటర్ల అవతల భువనేశ్వర్, దాన్ని దాటిన కాసేపటికి కటక్ వస్తాయి. పర్లాకిమిడి వారు పలాస దాకా రోడ్డు మీద వచ్చి మెయిన్ లైను అందుకుంటారు. రాయగడ, కొరాపుట్ వారికి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఉంది. 2018లో పురుషుల హాకీ ప్రపంచ కప్ మొత్తం భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో జరిగింది. 2022 అక్టోబరులో 17 ఏళ్ల లోపు బాలికల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో భారత జట్టు మ్యాచ్‌లు అక్కడే జరిగాయి. 2023 జనవరిలో హాకీ ప్రపంచ కప్ మళ్లీ వచ్చి భువనేశ్వర్, రూర్కెలాల మధ్య సాగింది. అంటే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి తెలుగు పత్రికలకు ఫోటోలు పంపేవారికి, రోజూ ఠాకురాణి అమ్మవారి జాతరలు, రోడ్డు ప్రమాదాలు, కలెక్టరు సమీక్షలు తీసే చేతులతోనే, ప్రపంచ స్థాయి పోటీ తీసే అవకాశం ఒక రైలు ప్రయాణం దూరంలోకి వచ్చింది.

అయితే పెద్ద ఏజెన్సీ ఫోటోగ్రాఫర్‌కు మైదానంలో స్థలం, పక్కనే ఇంటర్నెట్ తీగ, ఫోటో ఎంచి వ్యాఖ్య రాసి పంపే ఎడిటర్, రాత్రికి హోటల్ గది ముందే సిద్ధంగా ఉంటాయి. జిల్లా స్ట్రింగర్‌కు, అంటే ఉద్యోగం లేకుండా పడిన ఫోటోకు ఇంత అని పనిచేసేవారికి, ఇవేవీ ఎవరూ అమర్చిపెట్టరు గనుక, ఆ ఏర్పాట్లు చేసుకోవడం కూడా మన పనిలో భాగమేనని మొదటే ఒప్పుకోవాలి. లెన్స్ లేక పోయిన ఫోటోల కన్నా చార్జింగ్ లేక, పాసులో పేరు సరిపోక, రైలు టైముకు లేచిపోవలసివచ్చి పోయిన ఫోటోలే నా లెక్కలో ఎక్కువ.

పాసు, పేరు, బిబ్

అక్రిడిటేషన్, అంటే నిర్వాహకులిచ్చే మీడియా పాసు, దరఖాస్తుల గడువు పోటీ ఆరంభానికి వారాల ముందే ముగుస్తుంది. ప్రపంచ కప్ వంటి వాటికి నెలల ముందే ముగిసిపోవచ్చు. దరఖాస్తు పత్రిక పేరు మీదే వెళ్లాలి కాబట్టి, ఎడిటర్ సంతకంతో లెటర్‌హెడ్ మీద అసైన్‌మెంట్ లేఖ సంపాదించడమే మొదటి పని. దరఖాస్తులో విలేకరి, ఫోటోగ్రాఫర్ అని వేర్వేరు విభాగాలుంటాయి. ఒలింపిక్స్‌లోనైతే విలేకరి కార్డు మీద ‘ఈ’ అనీ, ఫోటోగ్రాఫర్ కార్డు మీద ‘ఈపీ’ అనీ గుర్తే వేరుగా వేస్తారు. ఏదో ఒక పాసు వస్తే చాలుననుకుని విలేకరి గడిలో టిక్కు పెడితే ప్రెస్ బాక్సులో కుర్చీ దొరుకుతుంది గాని, కెమెరాతో మైదానం అంచుకు దిగనివ్వరు.

మన ప్రాంతంలో పేరుతోనే పెద్ద చిక్కు ఉంది. ఇంట్లోనూ పత్రికలోనూ ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాసుకుంటాం. ఒడియా బడిలో చేరినప్పుడు అదే ఇంటిపేరు వెనక్కి వెళ్తుంది, లేదా రావు, పాత్రో వంటి చివరి మాటే ఇంటిపేరుగా నమోదవుతుంది. నేను మొదటిసారి హాకీ మ్యాచ్‌కు వెళ్లినప్పుడు లేఖలో ఒక తీరుగా, ఆధార్‌లో ఇంకో తీరుగా నా పేరు ఉంది. గేటు దగ్గరి కుర్రవాడు రెండు కాగితాలనూ పక్కపక్కన పరచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి, వీళ్లు ఇద్దరు మనుషులని తేల్చాడు. అతని పై అధికారి వచ్చి, విషయం విని, నవ్వి లోపలికి పంపేసరికి మొదటి క్వార్టర్ 15 నిమిషాలూ గడిచిపోయాయి. ఆ మ్యాచ్‌లో పడిన ఒకే ఒక్క గోలు ఆ క్వార్టర్‌లోనే పడింది. కుర్రవాడి తప్పేమీ లేదు. అప్పటి నుంచి లేఖ, దరఖాస్తు, గుర్తింపు కార్డు మూడింటిలోనూ ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే అక్షరం మారకుండా ఉండేటట్టు నేనే టైపు చేసి డెస్కుకు పంపుతున్నాను.

మెడలో పాసు వేలాడినంత మాత్రాన పని కాదు. మైదానం అంచున కూర్చోవాలంటే నంబరు వేసిన బిబ్, అంటే చొక్కా మీద తొడుక్కునే చేతుల్లేని పలుచని జాకెట్, మీడియా సెంటర్‌లో సంతకం పెట్టి తీసుకోవాలి. కొన్నిచోట్ల దాని కోసం గుర్తింపు కార్డు అట్టిపెట్టుకుంటారు గనుక రెండో కార్డు ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది. సెమీఫైనల్, ఫైనల్ వంటి వాటికి పాసుతోపాటు విడిగా టికెట్టు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. అది ఎన్ని గంటలకు, ఏ బల్ల దగ్గర ఇస్తారో ముందు రోజే అడిగి తెలుసుకోవాలి. నిబంధనల కాగితం మీద సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవండి. సాధారణంగా ఫోటోలు వార్తల కోసమే తప్ప ప్రకటనలకు వాడకూడదనీ, ఆట జరుగుతుండగా వీడియో తీయకూడదనీ అందులో ఉంటుంది. ప్రసార హక్కులు కొనుక్కున్నవారు దీన్ని చాలా పట్టింపుగా చూస్తారు. బంధువుల వాట్సాప్ గ్రూపు కోసం ఫోన్‌లో తీసిన అరనిమిషం వీడియోకు కూడా పాసు రద్దు కావచ్చు.

ఇటువంటి షరతులను మార్చగల బలం ఒంటరి ఫోటోగ్రాఫర్‌కు ఉండదు. 2012 నవంబరులో ఇంగ్లండ్ జట్టు మన దేశంలో టెస్టులు ఆడినప్పుడు గెట్టీ ఇమేజెస్ వంటి ఫోటో ఏజెన్సీలకు బీసీసీఐ అక్రిడిటేషన్ నిరాకరించింది. దానికి నిరసనగా రాయిటర్స్, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్), ఏఎఫ్‌పీ వార్తా సంస్థలు ఆ సిరీస్ కవరేజీ మానుకున్నాయి. అంత పెద్ద సంస్థలకే అది సంస్థల మధ్య తగవుగా నడిచింది. గేటు దగ్గర మనం వాదించి సాధించేది ఏమీ ఉండదు. అభ్యంతరం ఉంటే పత్రిక ద్వారా, యూనియన్ ద్వారా, లిఖితంగా చెప్పాలి.

ఎక్కడ కూర్చోవాలి

హాకీ మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. గోలుకు ఎదురుగా గీసిన ‘డీ’ అంచు గోలు రేఖ నుంచి 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది. మీరు వెనుక గీతకు అయిదారు మీటర్ల అవతల, గోలుకు ఒక పక్కగా కూర్చున్నారనుకుందాం. పెనాల్టీ కార్నర్‌లో డ్రాగ్ ఫ్లిక్ చేసే, అంటే బంతిని కర్రతో ఈడ్చి గోలులోకి విసిరే, ఆటగాడు మీకు దాదాపు 20 మీటర్ల దూరంలో ఉంటాడు, కాబట్టి 70-200 మిల్లీమీటర్ల లెన్స్ చాలు. అదే కార్నర్ అవతలి గోలు దగ్గర జరిగితే దూరం 80 మీటర్లు దాటుతుంది, 400 మిల్లీమీటర్ల లెన్స్ కూడా చిన్నదే అనిపిస్తుంది. అందుచేత రెండు కెమెరా బాడీలు ఉన్నవారు ఒకదానికి పెద్ద లెన్స్, ఇంకోదానికి 70-200 తగిలించి ఉంచుకుంటారు. ఒకే బాడీ ఉన్నవారు దూరపు గోలు మీద ఆశ వదులుకుని, దగ్గరి గోలును బాగా తీయడమే తెలివైన పని. సగం ఆట తర్వాత జట్లు వైపులు మారతాయి. మీకు కావలసిన జట్టు ఏ సగంలో ఎటు దాడి చేస్తుందో చూసుకుని స్థలం ఎంచుకోవాలి.

ఫ్లిక్ వేసేవాడి ముఖమే కావాలని అందరూ అనుకుంటారు గాని, నా మటుకు నాకు గోలు లోపలి నుంచి పరుగెత్తుకు వచ్చే డిఫెండర్ల ఫోటో ఎక్కువ ఇష్టం. ముఖానికి మాస్కులు తగిలించుకుని నలుగురు ఒక్క ఉదుటున బంతికి ఎదురు వెళ్లే ఆ క్షణం ఒక సెకనులో అయిపోతుంది. ఆ సెకనులో మిమ్మల్ని మీరు కాపాడుకోవడం కూడా ఉంది. 160 గ్రాముల గట్టి ప్లాస్టిక్ బంతి గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో వస్తుంది, గోలు తప్పితే మన వైపే వస్తుంది. గోలు వెనుక వల ఉన్నచోట దాని వెనకే కూర్చోండి. వల లేకపోతే పెనాల్టీ కార్నర్ సమయంలో గోలు స్తంభాలకు బాగా పక్కకు జరగండి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి బంతి తన మీదికి వస్తున్నట్టు ఆఖరున తెలుస్తుంది.

కళింగలో జరిగిన రెండు ప్రపంచ కప్ ఫైనల్స్ కూడా షూటౌట్‌తోనే తేలాయి. 2018లో బెల్జియం, నెదర్లాండ్స్ గోలు లేకుండా ముగిస్తే బెల్జియం 3-2తో గెలిచింది. 2023లో 3-3 సమంగా నిలిచిన తర్వాత జర్మనీ 5-4తో బెల్జియంను ఓడించింది. షూటౌట్‌లో ఆటగాడు 23 మీటర్ల గీత దగ్గర బయలుదేరి 8 సెకన్లలో గోలు కొట్టాలి, అదంతా ఒకే గోలు దగ్గర జరుగుతుంది. నాలుగో క్వార్టర్‌లో స్కోరు సమంగా ఉంటే, షూటౌట్ ఏ గోలు దగ్గర పెడతారో ఫోటో మేనేజర్‌ను అడిగి, జనం లేవకముందే అటు చేరే దారి చూసి పెట్టుకోండి. గెలిచినవారు పరుగెత్తేది గోలు వైపు కాదు, సగం గీత దగ్గర భుజాలు కలిపి నిలబడ్డ తమ జట్టు వైపు. గోలు వెనుక ఉన్నవారికి వీపులు దొరుకుతాయి. అందుకే ఇద్దరు మిత్రులు వెళితే ఒకరు గోలు వెనుక, ఒకరు పక్క గీత దగ్గర ఉండటం మంచిది.

క్రికెట్ సంగతి వేరు. అంతర్జాతీయ మ్యాచ్‌లో పిచ్ మధ్య నుంచి బౌండరీ తాడు సుమారు 59 నుంచి 82 మీటర్ల దూరంలో ఉంటుంది, మనం దానికీ అవతల ప్రకటన బోర్డుల దగ్గర ఉంటాం. 400 లెన్స్‌కు, దాని పొడవును 1.4 రెట్లు చేసే కన్వర్టర్ తగిలించక తప్పదు. సైట్ స్క్రీన్ పరిసరాల్లో కదలకూడదు, ఓవర్ నడుస్తుండగా స్థలం మారకూడదు. ఫుట్‌బాల్‌లో ప్రమాదం ఆటగాళ్ల ఆనందమే. 2018 జులై 11న మాస్కోలో ఇంగ్లండ్‌పై మాన్‌జుకిచ్ గోలు కొట్టగానే క్రొయేషియా ఆటగాళ్లందరూ వచ్చి ఏఎఫ్‌పీ ఫోటోగ్రాఫర్ యూరి కోర్టెజ్ మీద పడ్డారు. ఆయన కింద పడి ఉండి కూడా షట్టర్ నొక్కుతూనే ఉన్నాడు. ఆ దగ్గరి ముఖాలు రావడానికి చేతిలో చిన్న లెన్స్ ఉన్న కెమెరా సిద్ధంగా ఉండటమే కారణం. పెద్ద లెన్స్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నవాడికి అంత దగ్గరికి వచ్చిన వార్త మసకగా మిగులుతుంది.

వెలుతురు, తడి

రాత్రి మ్యాచ్‌కు షట్టర్ సెకనులో 1000వ వంతుకు తగ్గకుండా, ఎపర్చర్ ఎఫ్ 2.8లో, ఐఎస్ఓ అవసరమైనంత పెంచి మాన్యువల్‌లో పెట్టుకోవడం నయం. ఫ్లాష్ పూర్తిగా నిషిద్ధం. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక కొన్ని ఫ్లడ్ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గాని వరుసగా తీసిన పది ఫ్రేముల్లో నాలుగు చీకటిగా, పచ్చగా వస్తాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే వేసుకోండి, లేకపోతే వార్మప్ సమయంలోనే పది ఫ్రేములు తీసి ఎంత తేడా వస్తుందో చూసుకోండి. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి పెద్ద హాకీ పోటీల్లో టర్ఫ్ నీలంగా, బంతి పసుపుగా ఉంటున్నాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే ఫ్రేములో నీలం ఎంత ఉందో దాన్నిబట్టి ముఖాల రంగు మారుతూ ఉంటుంది. తెల్ల కాగితం ఒకటి టర్ఫ్ అంచున పెట్టి ముందే సరిచేసి ఉంచుకుంటే డెస్కు వాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు.

తడి గురించి ఎవరూ ముందుగా చెప్పరు. నీటి టర్ఫ్ మీద ఆటకు ముందు నీళ్లు చిమ్ముతారు, గాలి ఇటు తిరిగితే సన్నని తుంపర నేరుగా మన లెన్స్ మీదికి వస్తుంది. పైగా మీడియా సెంటర్‌లో ఏసీ, బయట సముద్రపు ఉక్క. చల్లబడిన కెమెరాను ఒక్కసారిగా బయటికి తెస్తే అద్దం లోపలి దాకా ఆవిరి పట్టి పావుగంట పనికి రాదు. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండానే బయట పెట్టి, ఆట మొదలవడానికి అరగంట ముందు మెల్లగా బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. జనవరిలో రూర్కెలా వెళ్తే రాత్రి చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, ఒకటి చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను సంగతి గంజాం వాళ్లకు చెప్పనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. ఆ నెలల్లో రెండు పెద్ద పాలిథిన్ సంచులు, రబ్బరు బ్యాండ్లు లేకుండా ఇంటి నుంచి కదలకూడదు.

పంపడం

జిల్లా పేజీ మూసే సమయం, స్పోర్ట్స్ పేజీ మూసే సమయం వేర్వేరు. రెండూ డెస్కును అడిగి చేతి మీదో, లెన్స్ హుడ్ మీదో రాసుకోండి. ఏడు గంటల మ్యాచ్ ముగిసేసరికి దాదాపు తొమ్మిదవుతుంది, అప్పటికి మొదటి ఎడిషన్ వారికి చేతిలో ఒక్క ఫోటో అయినా ఉండాలి. నేను పాటించే వరుస ఇది: జాతీయ గీతాల సమయంలో తీసినది ఒకటి వెంటనే పంపుతాను, అది ఎవరికీ నచ్చకపోయినా పేజీలో ఖాళీ ఉండదు. సగం ఆట విరామంలో రెండు యాక్షన్ ఫోటోలు, ఆఖరి విజిల్ తర్వాత సంబరం. పొడవు వైపు 2000 పిక్సెళ్ల జేపెగ్ పత్రికకు చాలు. స్టేడియం నిండాక ఫోన్ డేటా నత్తనడక నడుస్తుంది కాబట్టి మీడియా సెంటర్‌లోని ల్యాన్ తీగ ఎక్కడుందో, మీ ల్యాప్‌టాప్‌కు ఆ తీగ పట్టే రంధ్రం ఉందో లేదో ముందే చూసుకోండి. సొంత ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చినవాడికి మీడియా సెంటర్‌లో మిత్రులు ఊరికే దొరుకుతారు.

ఫోటో వ్యాఖ్య విషయంలో మనకున్న ఒక లాభం, ఒక నష్టం రెండూ ఒడియాయే. స్థానిక ఆటగాళ్ల ఊరు, పేరు మనకు హైదరాబాద్ డెస్కు కన్నా బాగా తెలుసు. కాని మైకులో ఒడియా ఉచ్చారణలో విన్నది విన్నట్టు రాస్తే అకారాలన్నీ ఒకారాలై, హాకీ ఆటగాడు అమిత్ రోహిదాస్ కాస్తా ‘ఒమిత్’ అవుతాడు. ఆటకు ముందు ఇచ్చే జట్ల జాబితాను ఫోన్‌లో ఫోటో తీసుకుని, జెర్సీ నంబరుకు ఎదురుగా తెలుగు పేరు రాసి పెట్టుకుంటే రాత్రి తొమ్మిదిన్నరకు తలనొప్పి ఉండదు. ఎవరు, ఎవరి మీద, ఏ క్వార్టర్‌లో, ఎక్కడ, ఏ తేదీన అనే అయిదూ వ్యాఖ్యలో ఉండాలి. బంతి ఫ్రేములో లేని ఫోటోకు ‘గోలు కొడుతున్న’ అని రాయకండి.

ఒళ్లు, జనం, తిరుగు ప్రయాణం

400 ఎఫ్ 2.8 లెన్స్ బరువు దాదాపు మూడు కిలోలు. దాన్ని మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా రెండు మ్యాచ్‌లు మోస్తే మూడో రోజు చెయ్యి లేవదు. అద్దెకు తెచ్చుకుంటే మౌంటు, గీతలు, ఫోకస్ షాపులోనే పరీక్షించి, ఉన్న దెబ్బలను ఫోటో తీసి యజమానికి పంపాకే బయలుదేరండి. నేల మీద మూడు గంటలు కూర్చోవాలి కాబట్టి మడత పీట, మోకాళ్ల కింద వేసుకునే పాత దిండు సిగ్గుపడవలసిన సామాను కాదు. లోపల అమ్మే తిండి మీద ఆధారపడవద్దు. గేటు దగ్గర నీళ్ల సీసా లాగేసుకుంటారు గనుక మీడియా సెంటర్‌లో నీళ్లు ఎక్కడున్నాయో వెళ్లగానే చూసుకోండి. ఆడవారైన ఫోటోగ్రాఫర్లు మైదానం దగ్గరి మరుగుదొడ్డి ఎక్కడుందో, రాత్రి మ్యాచ్ తర్వాత మీడియా బస్సు ఎంతవరకు వెళ్తుందో ముందే అడగాలి. ఆ ఏర్పాటు లేదంటే గది ఖర్చు పత్రికే భరించాలని అడగడం న్యాయమే.

జనం కోపగించినప్పుడు వారికీ ఆటగాళ్లకూ మధ్య ఉండేది మనమే. 2015 అక్టోబరు 5న కటక్‌లో దక్షిణాఫ్రికాతో టీ20లో భారత్ 92 పరుగులకే ఆలౌటైనప్పుడు ప్రేక్షకులు సీసాలు విసిరి ఆట ఆపించారు. అలాంటప్పుడు స్టాండుకు వీపు పెట్టి కూర్చోకండి. బోర్డుల అవతల నుంచి లేచి ఆటగాళ్ల సొరంగం వైపు జరిగి, అక్కడి నుంచి స్టాండును తీయండి. ఆట ఆగిందని కెమెరా దించవద్దు. 2025 ఫిబ్రవరి 9న కటక్‌లోనే ఇంగ్లండ్‌తో వన్డేలో ఫ్లడ్ లైట్లు ఆరి అరగంటకు పైగా ఆట నిలిచింది. రోహిత్ శర్మ 119 పరుగులు ఎంత వార్తో, చీకట్లో మైదానం విడుస్తున్న ఆటగాళ్లూ అంత వార్తే.

రాత్రి పదిన్నర తర్వాత స్టేడియం బయట ఆటో దొరకడమే గగనం. ఆఖరి రైలు పట్టుకోవాలన్న తొందరలో సంబరాల ఫోటో వదిలేసి పరుగెత్తిన రోజులు నాకూ ఉన్నాయి. రెండు గంటల తర్వాత వచ్చే రైలుకు టికెట్టు తీసుకుని స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. అయితే లెన్స్ బ్యాగు పట్టీని కాలికి చుట్టుకునే కునుకు తీయండి.

కాగితాలు

1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం న్యూస్ ఫోటోగ్రాఫర్‌ను కూడా వర్కింగ్ జర్నలిస్టుగానే లెక్కించి, వరుసగా నాలుగు వారాల్లో 144 గంటలకు మించి పని చేయించకూడదని చెప్పింది. తర్వాత 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. కాని అదంతా ఉద్యోగంలో ఉన్నవారి మాట. లైన్ అకౌంట్ మీద, పడిన ఫోటోకు ఇంత అని పనిచేసే స్ట్రింగర్‌కు ఆ గడప లోపలికి ప్రవేశం దొరకదు. అందుచేత అసైన్‌మెంట్ లేఖలోనే రోజుకు ఎంత, ఫోటోకు ఎంత, ప్రయాణం, బస, లెన్స్ అద్దె ఎవరివి అన్నది రాయించుకోండి. ఎడిటర్ ఫోన్‌లో చెప్పిన మాట నమ్మదగినదే అయినా, బిల్లు పాసు చేసే అకౌంట్స్ విభాగానికి ఆ మాట వినపడదు.

ఫోటో ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రిక ఉద్యోగంలో భాగంగా తీసిన ఫోటోపై యజమానికి ప్రచురణ మేరకే హక్కు, మిగిలినది తీసినవారిది. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా తీయించుకుంటే మాత్రం ఒప్పందం లేనప్పుడు హక్కు వారికే పోతుంది. స్ట్రింగర్ ఈ రెంటికీ మధ్య నిలబడి ఉంటాడు గనుక ‘ఒకసారి ప్రచురణకు మాత్రమే’ అన్న మూడు మాటలు లేఖలో ఉండాలి. కెమెరా బీమా తీసుకునేవారు వృత్తిపరమైన వాడకానికి, ఇంటి బయట జరిగిన నష్టానికి వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి చూసుకోవాలి.

ఇంటికి చేరాక కార్డులు రెండు డిస్కుల్లోకి ఎక్కించేదాకా ఫార్మాట్ చేయకండి. లెన్సులు గాలి తగిలేచోట పూట సేపు ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు డబ్బాలో పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. పిండి రింగుల్లోకి చేరుతుంది, వద్దు. ఆ వారంలోనే తేదీ, ఎడిషన్, పేజీ నంబరు రాసి, పడిన ప్రతి ఫోటో క్లిప్పింగ్‌నూ రైలు టికెట్లతోపాటు జతచేసి బిల్లు పంపి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి. బిబ్ తిరిగి ఇచ్చినప్పుడు మీ గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నారో లేదో మాత్రం బిల్లు దాకా ఆగకుండా, రైలు ఎక్కకముందే జేబు తడిమి చూసుకోండి.